పన్నెండు తుమ్మకర్రలు

సిద్దప్ప పన్నెండో తుమ్మకర్రను చక్రం నడుమనున్న ఇనుప కుండలోకి దించి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. చెవి ఆనించి వేలితో మీటాడు. ఖంగుమంది. పచ్చి లేదు. రెండు వేసవులు నీడన ఆరిన కర్ర.

చక్రం ఎద్దులబండిది కాదు. ఆదోని పత్తిమిల్లు యజమాని హరికృష్ణ వాళ్ల తాత ఒకప్పుడు కొన్న మోటారుది. ఆ కాలపు కార్లకు ఒళ్లంతా చెక్క చట్రమే, పైన రేకు. చక్రాలూ కర్రవే. హరికృష్ణ దాన్ని మళ్లీ బాగుచేయిస్తున్నాడు. ఇత్తడి దీపాలు బొంబాయిలో దొరికాయి, సీట్ల తోలు మద్రాసులో. కర్రచక్రం చేసేవాడు మాత్రం ఎమ్మిగనూరులో ఈ ఒక్కడే మిగిలాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. వీపు వంగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఎవరూ బండి అడగలేదు. మంచం కోళ్లు, గొడ్డలి కామలు చేసి బతికాడు.

"చక్రాలైతే ముందు నిన్నే కూర్సోబెట్టుకోని ఆదోని దాకా తిప్పుతా పెద్దాయనా" అని హరికృష్ణ మాటిచ్చి రెండేళ్లయింది. ఆ సవారీకని ఉతికిన పంచె ఆ పొద్దే దండెం మీదికెక్కింది.

"మోటారెక్కేటోన్ని సూడు, కాళ్లకు సెప్పుల్లేవు" అంది పెండ్లాం దేవక్క.

"నడిసేది కారు గదా, నాకెందుకే సెప్పులు."

మధ్యాహ్నం మిల్లు గుమాస్తా రమేష్ ఆటో తెచ్చాడు. సిద్దప్ప చేసిన మూడు చక్రాలు ముందే మిల్లుకు చేరాయి. ఇది నాలుగోది.

"కారు ఎప్పుడు నడుస్తాదప్పా?" అన్నాడు సిద్దప్ప.

"నడిసేదేముంది తాతా. ఇంజన్ తీసి పాతసామాన్లకు ఏసినారు. మిల్లు గేటుకాడ దిమ్మె కట్టినారు, దానిమీద నిలబెడతారు. కదలకుండా చక్రాల కింద సిమెంటు పోస్తారు."

"మరి ఇంత గట్టి కర్ర ఎందుకప్పా?"

"సూసేదానికే గదా. ఉత్త చెక్కైనా సరిపోతాండె."

సిద్దప్ప లోపలికి పోయి ఆముదం సీసా తెచ్చాడు. గోనెపీచు నానబెట్టి, బండి ఇరుసుకు కూరినట్టు కుండలోకి పొరపొరగా కూరాడు. మోటారుకు అట్లా కూరరు. అతనికి తెలిసింది బండ్ల పని.

"సిమెంట్లో నిలబడేదానికి ఆముదమెందుకు తాతా" అని నవ్వాడు రమేష్.

"చక్రం గదప్పా."

ఆటో పోయింది. సిద్దప్ప గోడకానుకుని కూర్చున్నాడు. దేవక్క రొట్టె చేసి పిలిచింది. మళ్లీ పిలిచింది. వచ్చి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

హరికృష్ణ దండ పంపాడు. తాను రాలేదు.

కారు ఇప్పుడు మిల్లు గేటు దగ్గర ఉంది. ఎండ ముదిరితే ఒక చక్రంలోంచి ఆముదం బొట్టుబొట్టుగా దిమ్మె మీదికి కారుతుంది. కావలివాడు గుడ్డతో తుడుస్తాడు. మరునాటికి తెల్ల సున్నం మీద, అరచేయంత, నల్లటి మరక.