జంట గంట

కొత్త కాపురంలో నాకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. తిప్పగానే ఈల వేసే కొళాయి, ఒకే కొక్కేనికి వేలాడే మా ఇద్దరి తాళంచెవులు, ఆఫీసులో పక్కపక్క కుర్చీలు. అన్నిటికన్నా ముద్దొచ్చేది జీతం రోజు. ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే ‘టింగ్’ మంటాయి. మేం ఒకే రోజు చేరాం, ఒకే పని చేస్తాం, ఒకే జీతం తెచ్చుకుంటాం. ఆ మోతకి ‘జంట గంట’ అని పేరు పెట్టాను. పెళ్ళి ఊసే లేని రోజుల్లో ఆ గంట వినే మా ఆయన మొదటిసారి నా వైపు చూసి నవ్వాడు.

ఈసారి జీతం సెలవు రోజున పడింది. అత్తగారింట్లో ఉన్నాం. మా ఆడపడుచు కంప్యూటర్ సైన్స్ సీటుకి మర్నాడే ఫీజు కట్టాలి. తనేమో నేను చదివిన గవర్నమెంటు కాలేజీలో చేరతానంటోంది. మామగారు మాత్రం కొడుకు చదివిన పెద్ద ప్రైవేటు కాలేజీయే అంటున్నారు. కొడుకు ఫీజు కోసం ఆయన అప్పట్లో సొంత కళ్ళజోళ్ళ కొట్టు అమ్మేశారు. అదీ చాలక మా ఆయన పేరున బ్యాంకు లోను తీశారు. ఇప్పుడు అదే కొట్టులో, కొత్త యజమాని దగ్గర, అద్దాలు బిగిస్తున్నారు.

“నాన్నా, వదిన కాలేజీ ఫీజు నా ఫోను ఖరీదంత కూడా లేదు,” అంది ఆడపడుచు.

“అందుకే అక్కడ ఫ్యాన్లు తిరగవు. అవునా అమ్మాయ్?”

“తిరుగుతాయి మామయ్యా, కరెంటుంటే,” అన్నాను. అత్తగారు కూడా నవ్వేశారు.

“నవ్వండి, నవ్వండి. వీడి కాలేజీలో లిఫ్టుకి కూడా ఏసీ. ఏరా?”

మా ఆయన టీ కప్పులోకి చూస్తూ “ఊఁ” అన్నాడు.

అప్పుడే బల్ల మీది రెండు ఫోన్లూ ‘టింగ్’ మన్నాయి.

“జంట గంట!” అని చప్పట్లు కొట్టాను.

“అదేంటి వదినా?” ఆడపడుచు రెండు ఫోన్లూ లాక్కుంది.

“మా జీతాలు! పైసా తేడా ఉండదు, చూడు,” అన్నాను మురిసిపోతూ.

చూసింది. పైకి చదివింది. రెండుసార్లూ ఒకే అంకె. అంతలో మా ఆయన ఫోను మళ్ళీ మోగింది, ఒక్కటే.

“ఇదేంటన్నయ్యా, సగం పోయింది?”

“లోను.”

మామగారు కళ్ళజోడు చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నారు. రెండు ఫోన్లూ చేతిలోకి తీసుకుని, పవరు సరిపోని అద్దాల్ని చూసినట్టు ముందుకీ వెనక్కీ జరిపి చూశారు.

“చూశావా నాన్నా? అందుకే నేను వదిన కాలేజీలో...”

“కాలేజీదేం తప్పు లేదు,” అన్నారాయన. “వీడికే చేతకాలేదు. అంత చదువు చదివి, పోయి పోయి గవర్నమెంటు కాలేజీ పిల్ల పక్కన కూర్చున్నాడు.”

నా పక్క కుర్చీ గురించే ఆ మాట.

“అయితే నేను కొట్టు ఊరికే అమ్మానా? చెప్పరా.”

మా ఆయన నా వైపు చూశాడు. ఉన్నమాట చెప్పెయ్యమని కళ్ళతోనే బతిమాలాను. ఆయన చూపు తండ్రి చేతుల మీదికి పోయింది. మరలు బిగించి బిగించి వేళ్ళ చివర్లు కాయలు కాశాయి.

“ఊరికే కాదు నాన్నా,” అన్నాడు. “దాన్నీ అక్కడే చేర్పిద్దాం. లోనుకి నేను సంతకం పెడతా. కంతులూ నేనే కడతా.”

“చదివేది నేను. నన్నెవరూ అడగరేం?” అంది ఆడపడుచు.

అత్తగారు కప్పులు ఏరుకుని లోపలికెళ్ళిపోయారు.

మా ఇంటికి తిరిగెళ్ళే దారిలో “ఎందుకలా అన్నావ్?” అని అడిగాను.

“ఆ చేతులు చూస్తూ నువ్వయితే ఏమనేదానివి?” అన్నాడు.

కాలేజీలు తెరిచాక వచ్చిన జీతం రోజున ఆఫీసులో ఉన్నాం. రెండు ఫోన్లూ కలిసి మోగాయి. ఆయన తల ఎత్తలేదు. తర్వాత ఆయనది ఒక్కటే మోగింది. ఇంకోసారి కూడా మోగింది. కాసేపటికి నాదీ మోగింది. ఆడపడుచు మెసేజీ.

“వదినా, లిఫ్టులో ఏసీ పనిచెయ్యట్లేదు.”

నవ్వొచ్చింది. పక్క కుర్చీకి చూపిద్దామని తిరిగి, మానేశాను.