మంగళవారం పది ప్రశ్నలు

నాలుగో పెన్సిల్ చెక్కుతుండగా మొన విరిగింది. కిష్టవ్వ దాన్ని మళ్ళీ మొదటినుంచి చెక్కింది. మంగళవారం అంటే ఆరు పెన్సిళ్ళు, ఆరు రబ్బర్లు, ఆరు అట్టలు. వాటిని బల్లమీద పేర్చి, దుబాయ్ జుమేరాలోని ప్రసూతి క్లినిక్ కిటికీ తెర సగం దించి, పసిపిల్లల పరుపుమీద ఉతికిన దుప్పటి పరిచింది. నైఫ్ అనే పేటలో ఆరుగురు ఆడవాళ్ళుండే గదిలో ఐదింటికి లేచి, వ్యాన్‌లో వచ్చి, రెండంతస్తులు తుడిచి ఈ పనిలోకి దిగేసరికే నడుం పట్టేసింది.

నలభై ఏడేళ్ళ మనిషి. పొట్టి, గట్టి ఎముక. ఫినాయిల్‌కు వేళ్ళ చివర్లు తెల్లగా పగిలిపోయాయి. కోరుట్ల దగ్గరి పల్లెలో బీడీలు చుట్టిన పద్దెనిమిదేళ్ళు మెడను ముందుకు వంచేశాయి. మొగుడు మల్లేశ్ పోయాక దుబాయ్ వచ్చి ఆరేళ్ళు తుడిచినా అది నిటారు కాలేదు.

మంగళవారాలు జపాన్ తల్లులవి. కంపెనీ పనులమీద వచ్చిన మొగుళ్ళతో ఇక్కడ కాపురముంటూ ఇక్కడే కన్నవాళ్ళు. కాన్పైన నెలకు వస్తారు. వాళ్ళ దేశపు మంత్రసాని, సకామోతో అనే సిస్టర్, బిడ్డను తూచి, తల్లికి ఒక కాగితం ఇస్తుంది. అందులో పది ప్రశ్నలు, ఒక్కోదాని కింద నాలుగు జవాబులు. తనకు సరిపోయిన జవాబు చుట్టూ సున్న చుట్టాలి. మొగుడు బయట కూర్చోవాలి. తల్లి చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి బిడ్డను ఆయా ఎత్తుకోవాలి. ఆ ఆయా కిష్టవ్వ.

మొదట్లో ఆమె అది బ్యాంకు కాగితమనుకుంది. విజయవాడ నర్సు శ్రీసుధ విడమరిచి చెప్పింది.

“ఈ వారంలో నవ్వారా అని అడుగుతారండీ. ఊరికే ఏడుపొస్తోందా, భయమేస్తోందా, నిద్ర పడుతోందా అని. చిట్టచివరిది, చచ్చిపోవాలనిపించిందా అని.”

“గట్లడుగుతరా బిడ్డా? ఎందుకడుగుతరు?”

“బాలింతలకి మనసు బాగోకపోవడం ఒక జబ్బండీ. ముందే కనిపెడితే తగ్గిపోతుంది.”

ఆరోజు కిష్టవ్వ సగం అన్నం వదిలేసింది. జాలితో కాదు, కడుపు మండి. దాపరికం ఎందుకు, ఆ తల్లులంటే ఆమెకు ఓర్వలేనితనం. వాళ్ళ కార్లు చూసి కాదు, మెత్తటి సంచులు చూసి కాదు. ఆ కాగితం చూసి. నవ్వావా అని ఒక మనిషి అడగడం, అడిగి జవాబు కోసం ఆగడం చూసి. రెండో కాన్పు తర్వాత ఆమెకు నవ్వు సంగతి అటుంచి నోట మాటే రాలేదు. గోడకేసి చూస్తూ కూర్చునేది. గాలి సోకిందని అత్త అంది. వేపమండలతో కొట్టించారు, మిరపకాయల పొగ పెట్టారు. ఏమైందే అని మాత్రం ఒక్కరూ అడగలేదు. పెట్టి పుట్టినవాళ్ళకు ప్రశ్నలు, మనకు వేపమండలు అనుకునేది, పాలసీసాలు కడుగుతూ.

చదువు రాకపోయినా మూడేళ్ళుగా చూస్తోంది కాబట్టి ఆ కాగితంలో ఒక్క సంగతి ఆమెకు తెలుసు. పదో ప్రశ్నకు అందరూ సున్న చుట్టేది అట్టడుగు జవాబుకే. ఎప్పుడూ లేదు అని దాని అర్థమట.

పదకొండింటికి ఒకుదా అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ మడత చెడని లేత బూడిదరంగు గౌను, ఒక్క వెంట్రుక లేవని జుట్టు, పెదాలకు రంగు. మొగుడు ఆమెకోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కిష్టవ్వ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. మల్లేశ్ ఏనాడైనా ఒక తలుపు పట్టాడా? వాళ్ళ ఇంటికి ఉన్నదే సగం తలుపు, అది వేరే మాట.

బిడ్డ ఆడపిల్ల. కిష్టవ్వ భుజాన వేసుకుని ఒకుదా వెనకాల నిలబడి ఊపుతోంది. పెన్సిల్ గబగబా నడిచి పదో ప్రశ్న దగ్గర ఆగింది. తర్వాత అన్నిటికంటే పైనున్న జవాబు చుట్టూ సున్న చుట్టింది. ఊపుతున్న చేతులు ఆగిపోయాయి.

ఒకుదా ఆ కాగితాన్ని కాసేపు చూసి రబ్బరు తీసుకుంది. ఆ ఒక్కటే కాదు, పైనున్నవి కూడా చాలా తుడిచింది. కాగితం నలగకుండా ఎడమచేత్తో అదిమిపట్టి, బడిపిల్లలా శ్రద్ధగా. మళ్ళీ కొత్త సున్నలు చుట్టింది. పదోదానికి అట్టడుగున. రబ్బరు పొట్టునంతా కాగితపు రుమాలులోకి ఎత్తి తన సంచిలో వేసుకుంది. ఒకరికి పని పెట్టడం వాళ్ళకు మహా తప్పు. ఏడవాలన్నా పక్కింటికి వినపడకుండా ఏడుస్తారని శ్రీసుధ అంటుంది.

సిస్టర్ జవాబులు కూడి, అంతా బాగుందన్నట్టు నవ్వి, తల వంచింది.

చెప్పాలా? కిష్టవ్వ బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. ఆ తల్లికేం తక్కువ, అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు. అడిగారు కదా, అడిగినా అబద్ధమాడింది. నన్నడిగితే నిజం చెప్పేదాన్ని. చావనీ, నాకేం. ఈ మాట పొరపాటున వచ్చింది కాదు. ఒక నిమిషంపాటు ఆమె నిజంగానే అలా అనుకుంది.

ఒకుదా బిడ్డకోసం చేతులు చాచింది. బిడ్డ పాలకు ఏడుస్తోంది. తల్లి పెదాలమీద మర్యాదైన నవ్వు ఉంది, కళ్ళు మాత్రం బిడ్డ మీద లేవు, గోడమీద ఉన్నాయి. రొమ్ము దగ్గర గౌను పాలకు తడిసిపోయింది. ఆ సంగతే ఆమెకు తెలియలేదు.

కిష్టవ్వ బిడ్డను వదల్లేదు.

“ప్లీజ్,” అంది ఒకుదా. కిష్టవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. బయటినుంచి మొగుడు వచ్చాడు. అతని వెనకే సూపర్‌వైజర్ హయాత్ బాషా వచ్చాడు.

“ఏందిది కిష్టవ్వా, పాగల్ అయినవా? బచ్చీని ఇచ్చెయ్. కంప్లైంట్ ఇస్తే నీ వీసా ఖలాస్.”

“ఖలాస్ జేత్తె జెయ్యి సాబ్. గా కాగితం మల్లొక్కసారి సూడుమను సిస్టర్‌ను. కడపటి సవాల్‌కు ముందుగాల మీది జవాబుకు సున్న సుట్టింది. ఎనుక తుడిపింది. నేను జూసిన.”

శ్రీసుధ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. సిస్టర్ కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూసింది. పెన్సిల్ రంగు పోయినా నొక్కిన గాడి పోలేదు. మొగుణ్ణి బయటికి పంపి, తలుపు వేసి, ఒకుదా కుర్చీ పక్కన నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ తర్వాత గంటసేపు లోపలినుంచి ఏడుపు వినిపించింది. పక్కింటికి వినపడే ఏడుపే. కిష్టవ్వ వసారాలో బిడ్డకు సీసాపాలు పట్టింది. మొగుడు గోడకానుకుని ఏడ్చాడు. పెళ్ళాం కోసం మగవాడు ఏడవడం కిష్టవ్వ చూడటం అదే మొదలు. దానికీ ఆమెకు కుళ్ళొచ్చింది.

ముగ్గురూ సిస్టర్ కారులోనే వెళ్ళారు. ఆమె వాళ్ళను ఇంట్లో దింపి, మాట్లాడాల్సిన వాళ్ళతో మాట్లాడి, మూడింటికి తిరిగి వచ్చింది. శ్రీసుధ వంటగదిలోకి వచ్చి సంగతి చెప్పింది.

“వాళ్ళమ్మగారు ఇవాళే బయల్దేరుతున్నారంట. అప్పటిదాకా రాత్రిళ్ళు సిస్టరే వెళ్ళి వాళ్ళింట్లో పడుకుంటారు. గురువారం అందరూ జపాన్ వెళ్ళిపోతారు, ఆవిడ పుట్టింటికి. అక్కడ డాక్టరు చూస్తారు.”

“అవ్వ అత్తాందా? ఇమానమెక్కి?”

“అవునండీ.”

సంతోషం కలగాల్సిన చోట మళ్ళీ మంటే లేచింది. కిష్టవ్వ కడిగిన సీసానే మళ్ళీ కడిగింది. సిస్టర్ లోపలికి వచ్చి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఏదో అడిగింది.

“మీకెలా తెలిసిందని అడుగుతున్నారు,” అంది శ్రీసుధ.

“నా రెండోది ఆడివిల్ల. రొమ్ముల నిండ పాలున్నయి. పక్కల పండి ఏడుత్తాంటె గోడను జూసుకుంట కూసున్న. ఎత్తుకోలే. ఇరవై ఒకటోనాడు పేరు పెడుదమనుకున్నరు. పంతొమ్మిదోనాడె పాయె.”

శ్రీసుధ దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. సిస్టర్ విని, కిష్టవ్వ తడిచేతిని పట్టుకుని మెల్లగా ఇంకో ప్రశ్న వేసింది. వేసి ఆగింది.

“మీకు రాత్రిళ్ళు నిద్ర పడుతుందా అంటున్నారండీ.”

కిష్టవ్వ రెండో చేత్తో కుళాయి కట్టేసింది. “ఇరవయ్యారేండ్లయింది బిడ్డా,” అంది. “లేదని చెప్పు.”

నాలుగింటికి ఆమె గది తుడవడానికి వెళ్ళింది. పరీక్షల మంచం మీద, ఒకుదా ముడి విప్పకుండానే నడుంనుంచి కిందికి లాగి వదిలేసిన తెల్లగుడ్డ ఉంది. బాలింత పొట్టకు బిగించి చుట్టే గుడ్డ. వాళ్ళ దేశంలోనూ ఇంతే కాబోలు. దాన్ని పెద్ద ఆడవాళ్ళెవరూ కట్టలేదని చూడగానే తెలిసిపోయింది. ఒక్కతే ఒంటిచేత్తో లాగి కట్టుకున్న వదులు ముడి, పాలమరక పక్కన, ఇంకా అలాగే ఉంది.