చుక్క మీద వదిలేసిన సోమయ్య

జ్ఞానమ్మకి చదువు రాదు. అయినా ‘నభోనౌక’ నవలలు నాలుగు భాగాలూ కంఠతా వచ్చు. కొడుకు ఆనందరావు గిలకలదిండి బళ్ళో మాస్టరు. బందరులో అద్దెకి తెచ్చి, సాయంత్రం ప్రార్థనకి ముందు తల్లికీ పెళ్ళానికీ చదివి వినిపించేవాడు. రాకెట్టులో చుక్కల మధ్య తిరిగే కెప్టెన్ ప్రతాప్ అంటే కోడలు రమణమ్మకి మోజు. జ్ఞానమ్మ ప్రాణమంతా వంటవాడు సోమయ్య మీదే. అంత ఎత్తుకి వెళ్ళి కూడా ఎండుచేపల పులుసు లేదని ఏడ్చే మనిషి మరి!

నాలుగో భాగం చివర సోమయ్య ఒక దుమ్ముచుక్క మీద ఒంటరిగా చిక్కుకుపోయాడు. “నీ కోసం తిరిగొస్తా” అని ఒట్టు వేసి కెప్టెన్ వెళ్ళాడు. తర్వాతి భాగం మొదలుపెట్టకుండానే రచయిత కన్నుమూశాడు. ఆ ఏడే ఆనందరావు తన మేనమామ పడవలో సరదాగా సముద్రంలోకి వెళ్ళాడు. తుఫాను వచ్చింది. పడవ చెక్కలు హంసలదీవి దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చాయి గాని, మనుషులు రాలేదు.

రెండేళ్ళుగా పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామంటూనే ఉన్నారు. “బతికున్నవాడికి కూడికేంటండీ?” అని జ్ఞానమ్మ ఆయన మీదే విరుచుకుపడేది. రోజూ ప్రార్థనలో, “ప్రభువా, సముద్రంలో ఉన్న నా బిడ్డనీ, చుక్క మీద ఉన్న ఆ పిచ్చి సోమయ్యనీ ఇంటికి చేర్చు తండ్రీ” అనేది. కథలో మనిషి కోసం దేవుణ్ణి అడగడమేమిటని రమణమ్మ మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది. తాను ఎప్పుడో ఆశ వదిలేశానని ఊరందరితోనూ అంది. మెడలో పుస్తె మాత్రం తియ్యలేదు. అత్తగారు ఊరుకోరని చెప్పేది.

ఇంతలో ఐదో భాగం వచ్చింది, వేరే ఎవరో రాశారట. జ్ఞానమ్మ నిలవనివ్వకుండా కోడల్ని బందరు తరిమి తెప్పించింది.

ఆ కొత్త రచయిత చేతులు పడిపోను! సగం పుస్తకం కెప్టెన్ ఎవరో గ్రహాల రాణి వెంట పాటలు పాడుకుంటూ తిరిగాడు. మిగతా సగం కత్తియుద్ధాలు. రాకెట్టెక్కి కత్తులేమిటో!

“సోమయ్య దగ్గరికి ఎప్పుడెళ్తారే?” జ్ఞానమ్మ మాటిమాటికీ అడుగుతోంది. రమణమ్మ పైకి చదువుతూనే ఉంది. చదవాల్సిన పేజీలు తరిగిపోతున్నాయి. చివరి పేజీలో రాణి, “మీకో వంటవాడుండేవాడు కదా?” అంది. కెప్టెన్ పకపకా నవ్వి, “ఎవడు వాడు? నాకు గుర్తే లేదు” అన్నాడు. ఆ మాట పైకి చదివేశాక గాని తానేం చదివిందో రమణమ్మకి తెలియలేదు.

“చచ్చిపోయాడన్నా బాగుండేది” అంది జ్ఞానమ్మ. “ఒట్టు వేసినోడే మర్చిపోయాడా?”

“అదంతా చెత్త రాత అత్తయ్యా. మొదట రాసిన పెద్దాయనుంటే ఇలా రాసేవాడా?”

“ఆయన లేడుగా. సోమయ్య ఎట్టా ఇల్లు చేరతాడో ఆయనొక్కడికే తెలుసు.”

ఆమె మోకరించింది. ఆ వేళ ప్రార్థనలో సోమయ్య పేరు రాలేదు. ఆనందరావు పేరూ రాలేదు. లేచి, పమిటతో మొహం తుడుచుకుని, “అమ్మాయ్, రేపు పాస్టరుగారితో చెప్పు. ఆదివారం కూడిక పెట్టేద్దాం” అంది.

ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూశాననుకుంది రమణమ్మ. తీరా విన్నాక ఆ మాట అక్కర్లేదనిపించింది. ముసలామె పోట్లాడినన్నాళ్ళూ ఆమె చాటున తానూ ఆశపడింది. ఇక ఆ చాటు లేదు. రమణమ్మ పుస్తకం అందుకుని గబగబా తిరగేసింది.

“అత్తయ్యా, ఇదిగో, వెనక అట్ట మీద వేశారు! ఆరో భాగం వస్తోందంట. అందులో వెళ్తారు, సోమయ్య కోసం తప్పకుండా వెళ్తారు. అందాకా ఆగండి అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా!”

వెనక అట్ట మీద ఉన్నది తలనొప్పి మాత్రల ప్రకటన.

జ్ఞానమ్మ కోడలి పక్కన కూలబడి, ఆ అట్టకేసి ఆశగా చూసింది.

“ఏదీ, చదువు” అంది.