కలలో తగిలిన దెబ్బ

సుబ్బరత్నం ఎడమ కంటి కింద కమిలిన మచ్చ గురించి భవానీపురంలోని ఆ అపార్టుమెంటు మొత్తానికి రెండు రోజుల్లో తెలిసిపోయింది. లిఫ్టులో కలిసినవాళ్ళు చూపు తిప్పుకున్నారు. మూడో అంతస్తు సంపూర్ణమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి భరిస్తున్నారండీ" అంది.

"నిద్రలో ఆయన చెయ్యి తగిలింది" అంది సుబ్బరత్నం.

"అలాగే అనుకుందాం లెండి" అని సంపూర్ణమ్మ ఆ చేతిని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

జాలి పడేవాళ్ళంటే సుబ్బరత్నానికి మొదటి నుంచీ ఒళ్ళుమంట. ముప్పయ్యేళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. లోకంలో ఎక్కువమంది బుర్రను టోపీ పెట్టుకోవడానికి తప్ప వాడరని ఆమె గట్టి అభిప్రాయం. అయితే ఈసారి కోపంతో పాటు నవ్వు కూడా వచ్చింది. రామకోటేశ్వరరావు పెళ్ళాన్ని కొట్టడమట. హోటల్లో పులిసిన పచ్చడి వేస్తే మార్చమని అడగలేక మంచినీళ్ళతో మింగేసే మనిషి. ఇరిగేషన్ ఆఫీసులో తనకు రావలసిన ప్రమోషన్ తన కన్నా జూనియర్‌కి ఇస్తే, అతగాడికే స్వీటు డబ్బా పట్టుకెళ్ళిన మనిషి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనతో గట్టిగా పోట్లాడింది లేదు. పోట్లాడాలంటే అవతలివైపు ఒక మనిషుండాలని ఆమె లెక్క.

నిజంగా జరిగింది ఆమె చెప్పినట్టే జరిగింది. రెండేళ్ళుగా ఆయన నిద్రలో కేకలు పెడుతున్నాడు. తర్వాత కాళ్ళు విసరడం మొదలైంది. ఆ రోజు తెల్లవారుతుండగా పిడికిలి బిగించి, పక్కనున్న ఆవిడ మొహం మీద ఒక్క గుద్దు గుద్దాడు. ఆమె కేకకు లేచి, చేసిందేమిటో తెలిశాక మంచం అంచున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏం కలొచ్చింది?" అని అడిగింది, కంటికి తడిగుడ్డ అద్దుకుంటూ.

"గుర్తులేదు రత్నం."

గుర్తుందని ఆయన మొహమే చెబుతోంది. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడని ఆమె విసుక్కుంది.

మర్నాటి నుంచి ఆయన హాల్లో చాప వేసుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే పాలు తీసుకోవడానికి లేచిన సుబ్బరత్నం, మొగుడి కుడి చెయ్యి తువ్వాలుతో సోఫా కాలికి కట్టి ఉండటం చూసింది. తనే కట్టుకున్నాడు, పంటితో ముడి బిగించి.

"ఏంటండీ ఇది, పశువుల్లాగా" అంది.

"మళ్ళీ నీ మీద చెయ్యి పడితే నేను బతకలేను."

"ఒకే గదిలో లేని మనిషి మీద చెయ్యి ఎలా పడుతుంది? కాస్త ఆలోచించండి" అని ముడి విప్పింది. మణికట్టు చుట్టూ ఎర్రగా వాత తేలి ఉంది. దాని మీద కొబ్బరినూనె రాస్తూ కూడా తిడుతూనే ఉంది.

సంగతి గుడివాడలో ఉన్న ఆడపడుచు కనకలక్ష్మికి చేరింది. ఆవిడ తమ్ముడి కోసం ఒట్టి చేతులతో రాలేదు, హర్షవర్ధన్ అనే ఒకతన్ని వెంటబెట్టుకొచ్చింది. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి హాలు తీసుకుని ఆదివారాలు కలల మీద క్లాసులు చెబుతాడట. ముప్పై అయిదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మెడలో రుద్రాక్ష, చేతిలో ట్యాబు. సోఫాలో కూర్చుని కళ్ళు సగం మూసుకుని, "ప్రతి కలా లోపలి మనసు మనకి రాసే ఉత్తరం అమ్మా. మనమే విప్పి చదువుకోం" అన్నాడు.

"కుక్కలు కూడా నిద్రలో కాళ్ళు కొట్టుకుంటాయి" అంది సుబ్బరత్నం. "వాటికెవరు రాస్తున్నారు?"

అతను చిరునవ్వు చెదరనివ్వలేదు. "సార్ ఇన్నేళ్ళూ మీ మీద కోపాన్ని మింగేశారు. పగలు అనలేనిది నిద్రలో చేతికొస్తోంది. ఆయన లోపల మీరంటే చాలా ద్వేషం ఉందమ్మా."

"నేనూ అదే అనుకున్నా" అంది కనకలక్ష్మి. "మా వాణ్ణి నువ్వెప్పుడు నోరెత్తనిచ్చావు రత్నం?"

"వదినా, ఆయనకి నోరుంటే మీరిద్దరూ ఈపాటికి మెట్లు దిగుతుండేవాళ్ళు. ఇతను చదువుకుంది ఏంటో అడిగారా?"

"నాది అనుభవం అమ్మా" అన్నాడు హర్షవర్ధన్.

"మా కాలేజీ అటెండరుకి కూడా కప్పల్ని కోసిచ్చిన అనుభవం ఉంది. అతను ఆపరేషన్లు చేస్తానని బోర్డు పెట్టలేదు."

వాళ్ళు వెళ్ళాక తాను గెలిచానని ఆమెకు అనిపించింది. కానీ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న రామకోటేశ్వరరావు ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు. తర్వాతి వారమంతా కాఫీ మీద కాఫీ తాగుతూ పడుకోకుండా ఉండటానికి ప్రయత్నించాడు. గడ్డం పెరిగింది, కళ్ళు గుంటలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ, బాల్కనీ గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీస్తుంటే ఆమె ఆయన రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

"పడితే నాలుగంతస్తులండీ. ఏమనుకుంటున్నారు మీరు?"

"ఆ అబ్బాయి చెప్పింది నిజమేమో రత్నం. నాకు తెలీకుండానే నా లోపల అంత విషం ఉందేమో."

ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. లాడ్జి హాల్లో కబుర్లు చెప్పుకునేవాడి మాట పట్టుకుని తన మనసునే తాను అనుమానించుకుంటున్నాడు ఈయన. మర్నాడే ఆటో మాట్లాడి నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది.

డాక్టర్ వినీలకు నలభై ఏళ్ళు కూడా లేవు. టేబుల్ మీద బైబిల్ వాక్యం ఉన్న చిన్న క్యాలెండరు కనబడగానే, ఈవిడ కూడా కలల్లో సందేశాలు వెతికే రకమేమోనని సుబ్బరత్నం పెదవి విరిచింది. వినీల ఆ మాటే ఎత్తలేదు. "సార్, మీకు వాసనలు తెలుస్తున్నాయా?" అని అడిగింది.

రామకోటేశ్వరరావు కాసేపు ఆలోచించి, "నాలుగైదేళ్ళయిందండీ తెలిసి" అన్నాడు.

పక్కన పాలు మాడి కంపు కొడుతున్నా పేపరు చదువుకుంటూ కూర్చున్నాడని, పట్టని మనిషని, ఈ నాలుగైదేళ్ళూ తాను ఎన్నిసార్లు దులిపిందో సుబ్బరత్నానికి గుర్తొచ్చింది. ఆయన ఒక్కసారైనా వాసన తెలియడం లేదని చెప్పలేదు. చెప్పనందుకు కోపం వచ్చింది. తాను అడగలేదన్న సంగతి ఆ తర్వాత తట్టింది.

"కలొచ్చే నిద్రలో మెదడు మన ఒంట్లో కండరాలన్నిటినీ ఆపేస్తుందండీ, కళ్ళూ ఊపిరీ తప్ప" అంది వినీల. "అందుకే కలలో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. సార్‌కి ఆ ఆపే ఏర్పాటు చెడినట్టుంది. కలలో ఏం చేస్తే ఒళ్ళు అదే చేస్తోంది. ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టి రికార్డు చేద్దాం."

"అసలు మెదడు ఎందుకండీ కలగనడం? పగటి చెత్తని ఊడ్చిపారేయడమేనని నేను పిల్లలకి చెప్పేదాన్ని."

"పరీక్షలో రాయడానికి బాగుంటుంది మేడమ్" అని వినీల నవ్వింది. "జ్ఞాపకాల్ని సర్దుకుంటుందని కొందరంటారు. రాబోయే ప్రమాదాలకి ముందే రిహార్సల్ వేసుకుంటుందని కొందరు. ఊరికే మోత, అర్థం ఏమీ లేదనేవాళ్ళూ ఉన్నారు. ఖాయంగా ఎవరికీ తెలీదండీ."

తెలియదని ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని సుబ్బరత్నం చూసి చాలా కాలమైంది. తాను మాత్రం ముప్పయ్యేళ్ళలో ఒక్క క్లాసులోనూ ఆ మాట అనలేదు.

ఆ శుక్రవారం రాత్రి ఆయన్ను ఆసుపత్రిలో వదిలి ఇంటికొచ్చి, శనివారం పొద్దున్నే వెళ్ళింది. రామకోటేశ్వరరావు బయట బెంచీ మీద ఇడ్లీ తింటున్నాడు, నుదుటి మీద జిగురు మరకలతో. వినీల ఆమెను లోపలికి పిలిచింది. ఫిలిప్ అనే టెక్నీషియన్ కంప్యూటర్లో వీడియో పెట్టాడు.

తల నిండా వైర్లతో ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి సగం లేచి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి వెనక్కి చాచి, వెనకున్న ఎవరినో అడ్డుపెట్టి దాచుతున్నట్టు పట్టుకున్నాడు. కళ్ళు మూసే ఉన్నాయి. సుబ్బరత్నం ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"మా ఆవిడ మీద చెయ్యి పడిందంటే కాలవలో వేసి తొక్కేస్తా. నువ్వెవడివైనా సరే."

కుడి పిడికిలి గాలిలోకి దూసుకెళ్ళింది, రెండుసార్లు, మూడుసార్లు. ఫిలిప్ ముసిముసిగా నవ్వాడు. సుబ్బరత్నం తలతిప్పి ఒక్క చూపు చూసేసరికి ఆపేశాడు.

"మళ్ళీ వెయ్యండి" అంది.

రెండోసారి చూశాక వినీల తలుపు వేసి, మిగిలింది కూడా చెప్పింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి కొన్నేళ్ళ తర్వాత చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం, రాత చిన్నదైపోవడం రావచ్చు. వాసన తెలియకపోవడం కూడా దానికి ముందు గుర్తే కావచ్చు. ఎప్పుడొస్తుందో చెప్పలేం. మాత్రతో కేకలూ గుద్దులూ తగ్గుతాయి. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి.

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆమే అడిగింది, "ఎవడండీ వాడు, మీ కలలో వచ్చేవాడు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మొహం కనిపించదు రత్నం. కాలవ గట్టు మీద వస్తాడు, రెండు కుక్కల్ని తోలుకుంటూ. నువ్వు నా వెనకే ఉంటావు. వాడు నీ వైపే వస్తాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని."

నవ్వేదే. ఇన్నాళ్ళూ అవతల మనిషే లేడని తీసిపారేసిన తన తెలివి మీద, హర్షవర్ధన్ మీద కలిగినంత రోత కలిగింది. అతగాడు ఆ కలేమిటని కూడా అడగలేదు. తాను మనిషినే చూడలేదు.

సాయంత్రం కనకలక్ష్మి ఫోన్ చేసి, ఆ అబ్బాయి ఇంకోసారి వచ్చి మాట్లాడతానంటున్నాడని చెప్పింది.

"రమ్మనండి వదినా. ఈసారి మీ తమ్ముడు మెలకువగానే ఉంటారు" అని సుబ్బరత్నం పెట్టేసింది.

మాత్ర పని చేసింది. కేకలు తగ్గి గొణుగుడుకు వచ్చాయి. గదిలో మంచాలు తీసేసి, పరుపులు రెండూ నేల మీద మూరెడు దూరంలో వేసుకున్నారు. ఆరు నెలలకు మళ్ళీ ఆసుపత్రికి వెళితే, వినీల ఆయన్ను నడిపించి చూసింది, వేళ్ళు ఆడించమంది. తర్వాత తెల్ల కాగితం ఇచ్చి, ఏదైనా ఒక వాక్యం నాలుగుసార్లు రాయమంది.

"నా భార్య సుబ్బరత్నం జువాలజీ లెక్చరర్" అని రాశాడు. మొదటి వరుసలో అక్షరాలు గుండ్రంగా, ఆఫీసు ఫైళ్ళ మీద ఉన్నట్టే ఉన్నాయి. రెండో వరుసలో కాస్త కుదించుకున్నాయి. నాలుగో వరుసకు వచ్చేసరికి చీమల బారులా అయిపోయాయి. వినీల ఆ కాగితాన్ని కొంచెం ఎక్కువసేపే చూసింది.

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఎలా ఉంది రత్నం?"

వంకర రాతను ఎర్ర సిరాతో కొట్టేయకుండా సుబ్బరత్నం ఏ కాగితాన్నీ వదిలిన మనిషి కాదు.

"బాగుంది" అంది. "స్పెల్లింగు తప్పుల్లేవు. పదండి, ఆకలేస్తోంది."