తొంభై ఏడు

కరోనా మొదటేడు, పత్తితీతల కాలంలో రొంపిచెర్ల పక్క ఊళ్లో హైస్కూలు మళ్లీ తెరిచారు. ఆయా గుల్జార్ బేగం చేతికి జ్వరం చూసే తుపాకీ ఇచ్చి గేటు కాడ నిలబెట్టారు. ఆమె మొగుడు సత్తార్ ఇరవై ఏళ్లు మాచర్లలో నాపరాళ్లకు పాలీషు పట్టి, ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు అప్పజెప్పి వచ్చిన మనిషి. వాకిలి దాకా నడిస్తే ఆయాసం.

"ఇంట్లో జబ్బు మనుషులుంటే బడికి రానక్కర్లేదని గోడ మీద అంటించారంట గదా సార్?" అని హెడ్మాస్టరు నాగేశ్వరరావునడిగింది.

"అది పిల్లలకి గుల్జారమ్మా. ఆయాలకి కాదు."

తుపాకీ మూడు రోజులకే చచ్చింది. కొత్తది అడిగితే, "అందరికీ తొంభై ఏడు రాసెయ్. పైవాళ్లు చూసేది రిజిస్టరునే," అన్నాడాయన. బేగానికొచ్చిన చదువల్లా అంకెలే. రాసింది. రాస్తానే, తన జాగ్రత్తకి ప్రతి పిల్ల మెడకీ చెయ్యి ఆనించి చూసేది.

ఓ సోమవారం వర్షిణి అనే పిల్ల మెడ పెనంలా కాల్తంది. "ఇంటికి పో తల్లీ," అని పంపేసింది. పావుగంటకి తండ్రి శ్రీకాంత్ పిల్లని బండెక్కించుకుని వచ్చాడు. పదిహేనెకరాల పత్తీ, ఊళ్లో పార్టీ పెత్తనమూ ఉన్నోడు.

"ఏమే, నా పిల్లకి రోగం అంటగడతన్నావేంది? కూలోళ్లు జడిసి రాకపోతే నా పత్తి తియ్యటానికి నీ మొగుడొస్తాడా?"

"చెయ్యి కాలింది బాబూ."

"అబ్బో, డాక్టరమ్మ! తుపాకీ ఏమంది?"

బేగం హెడ్మాస్టరు వంక చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటా, "తొంభై ఏడంది," అన్నాడు.

పిల్ల లోపలికి పోయింది. బేగం రాసింది.

ఆ రోజు నుంచి ఇంటికెళ్లి ఒళ్లంతా కడుక్కుని వసారాలోనే పడుకుంది. సత్తార్‌కి కంచం కర్రతో తోసింది. "కుక్కకి పెట్టినట్టు పెడతన్నావేందే," అని నవ్వాడతను. ఆ నవ్వుకే దగ్గు తెర కమ్మింది. నీళ్లివ్వటానికి దగ్గరికి పోకుండా ఎట్టా ఉంటది?

రెండు వారాలు తిరక్కుండా సత్తార్ నరసరావుపేట ఆస్పత్రిలో కరోనా వార్డులో పోయాడు. మొహం కూడా చూపీలా.

మొగుడు పోతే ఇద్దత్ కింద నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. పని పోద్దని ఇరవయ్యో రోజుకే బడికొచ్చింది.

"సార్, ఆ పిల్లని ఆపుంటే..."

నాగేశ్వరరావు రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. "బళ్లో ఒక్కరికీ జ్వరం లేదు. ఈ అంకెలెవరు వేశారు గుల్జారమ్మా?"

తను వేసినవే. తొమ్మిది పక్కన ఏడు, వంకరగా, పేజీ పొడుగునా.

బేగం పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. "చెయ్యి పెట్టి చూస్తా సార్. కాలితే ఇంటికి పంపుతా. తొంభై ఏడు మాత్రం మీ చేత్తో మీరే వేసుకోండి."

మర్నాడు గేటు కాడ వేరే ఆమె నిలబడింది. ఆమెకి అంకెలు బాగా వచ్చంట.