ఆరో గుంత దారిలో గొయ్యి

ఆరో గుంతకు వెళ్ళే దారిలో, సరిగ్గా నడిమధ్యన ఉన్న ఇసుక గొయ్యిని, గోల్ఫు ఆడేవాళ్ళ మాటలో బంకర్‌ని, మట్టి పోసి పూడ్పించాలని రైల్వే ఆఫీసరు ఆర్థర్ సాయిబు ఉద్దేశం. రైల్వే గోల్ఫు మైదానంలో ఆయన బంతి వారానికి రెండుసార్లయినా అందులోనే పడేది. తెలుగు రైల్వే కూలీలతో నిండిన ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషి కనుక తెలుగులోనే పురమాయించాడు: "ఏలియా, సోమవారానికి ఆ బంకర్ నింపేయాల."

మైదానం పనికి రాకముందు ఏలియా పదహారేళ్ళు లోకో షెడ్డులో చేశాడు. అక్కడ బంకర్ నింపడమంటే, అందులో ఉండే సరుకు తగ్గినప్పుడు మళ్ళీ పొయ్యడం. బొగ్గు బంకర్లో బొగ్గే పోస్తారు గాని మట్టి పొయ్యరు గదా. అందుకని ఊరి పక్కనున్న కసాయి నది ఇసుక రెండు బండ్లు తెప్పించి, జల్లించి, గొయ్యిలో పిక్కల లోతున పరిచి, ఆదివారం తేలిక మనసుతో ప్రార్థనకు వెళ్ళాడు.

సోమవారం పొద్దున సాయిబు బంతి ఆ కొత్త ఇసుకలో కూరుకుపోయింది.

"ఏటిది?"

"బంకర్ సార్. నింపినాను."

పూడ్చమంటే ఇసుక పోశావా అని సాయిబు తల పట్టుకున్నాడు. తర్వాత, ఈవేళే మట్టి తోలించి గడ్డి నాటమన్నాడు.

ఏలియాకు మనసొప్పలేదు. ఆ గొయ్యిని పదకొండేళ్ళుగా చూస్తున్నాడు. దానికీ ఎడమన ఉన్న కాలువకీ మధ్య సన్నటి సందు. బంతి అక్కడ పడితే గుంత ఎదురుగా కనిపిస్తుంది. కుడిపక్క బోలెడు జాగా, కాని అక్కణ్ణుంచి గుంతకు దిబ్బ అడ్డం. గొయ్యి పూడితే ఇక ఎంచుకునేదేముంది? దేవుడు ఏదెను తోట మధ్యన, పండు తినొద్దన్న ఆ చెట్టు పెట్టి, కంచెయినా వెయ్యలేదేమని ఒకసారి పాస్టరుగారిని అడిగితే, ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకున్నాడు. జవాబులో కొంత ఈ గొయ్యి దగ్గర దొరికిందేమోనని అతని అనుమానం.

"సార్, ఇది మిమ్మల్ని ఎటెల్తారని అడుగుతాది. మీరు జవాబు సెప్పకుండా తిన్నగా కొట్టేస్తన్నారు."

"నువ్వు నాకు ఆట నేర్పుతావేటి?"

"నాకాట రాదు సార్. బంతులేరుకునేవోణ్ణి."

సాయిబు బంతి మొదట కొట్టే చోటికి తిరిగి నడిచి, ఇంకో బంతి పెట్టాడు. వెంటనే కొట్టలేదు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, ఆఖరికి సందులోకి కొట్టాడు. బంతి గొయ్యిని దాటి, గట్టు మీద దొర్లి, కాలువలో పడింది.

"జానెడులో తప్పింది," అంటూ సాయిబు చెయ్యి చాచాడు. "ఇంకోటియ్యి."

మట్టి మాట మళ్ళీ రాలేదు. ఎండెక్కేసరికి కాలువలో ఏడు బంతులున్నాయి. ఏలియా లుంగీ ఎగగట్టి దిగి వాటిని ఏరుతుంటే, ఎనిమిదోది అతని నెత్తి మీదుగా వచ్చింది.