కాళ్ల కాడ గుంత

వాళ్లమ్మ ప్రొద్దుటూరులో బస్సెక్కిందని ఫోను రాగానే తబిత చేసిన మొదటి పని మంచం మీది దుప్పటి దులపడం. రెండో పని కుక్కను ఇంట్లోంచి పంపేయడం.

కుక్క పేరు చీనీ. నాలుగేళ్ల కిందట పులివెందుల దగ్గర ఒక చీనీతోటలో, బత్తాయి కాయల గంప కింద ముడుచుకుని కనపడింది. తోటలకు డ్రిప్పు పైపులు వేయించే ఉద్యోగంలో ఉన్న నవీన్ కుమార్ దాన్ని చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అప్పటినుంచి ఆ రెండు గదుల అద్దె ఇంట్లో మనిషీ కుక్కా ఒకే మంచం మీద పడుకున్నారు. మూడు నెలల కిందట తబిత కొత్త పెళ్లికూతురై ఆ ఇంట్లో కాలు పెట్టేదాకా.

తబిత పుట్టింటినుంచి తెచ్చుకున్న వాటిలో అన్నిటికంటే గొప్పది పరుపు. వాళ్లమ్మ దీవెనమ్మ చాపాడు పొలంలో పండిన పత్తిలోంచి ఇరవై కిలోల దూది తీసిపెట్టి, పరుపులు కుట్టే వలి బాషా చేత దగ్గరుండి ఏకించి, నీలం గీతల గుడ్డలో కుట్టించింది. పంపేరోజు కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఆయప్పకు కుక్కను పక్కలో ఏసుకునే అలవాటంట. ఈ పరుపు మీద అది ఎక్కకూడదు. ఎక్కిందని తెలిస్తే పరుపు చుట్టి, బస్సు మీదేసుకోని ఎనక్కి తీసకపోతా. మాటియ్యి."

తబిత ఇచ్చింది. ఆ రోజు ఎవరు ఏమడిగినా ఇచ్చేసే సంతోషంలో ఉంది. పైగా ఎమ్మెస్సీ జువాలజీ చదివిన పిల్ల. కుక్కకూ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో తనకు తెలియదా అనే ధీమా కూడా ఉంది.

మొదటి వారం మాట నిలబడింది. చీనీ వసారాలో గోనెసంచి మీద పడుకుంది. రెండో వారంలో, మధ్యాహ్నం తబిత కునుకు తీసే వేళ, మంచం పక్కకొచ్చి కూర్చుని గడ్డం మాత్రం పరుపు అంచున ఆనించింది. గడ్డం ఆనించడం ఎక్కడం కాదు కదా అనుకుంది తబిత. మర్నాడు గడ్డం పక్కన ఒక ముందుకాలు చేరింది. కాలు ఒక్కటే కదా. నాలుగో రోజుకు చీనీలో మూడొంతులు పైన, ఒక వంతు కింద ఉంది. ఆ మిగిలిన వెనకకాలు నేల మీద వణుకుతూ ఉంటే చూడలేక తబితే దాన్ని పైకి లాగింది.

సాయంత్రం ఇంటికొచ్చిన నవీన్ గుమ్మంలో నిలబడిపోయాడు.

"నేను గుండె రాయి జేసుకోని దాన్ని బయట పండబెడితే, నువ్వే ఎక్కించినావా?"

"నేనెక్కించలా. శానావరకు అదే ఎక్కింది. మిగిలింది నేను సాయం జేసినా."

ఆ మాటకు ఇద్దరూ ఎంత నవ్వారంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ రోజునుంచి మంచం మీద కాళ్ల దగ్గర చీనీ చోటు ఖాయమైంది. ప్రొద్దుటూరుకు మాత్రం ఆ కబురు పోలేదు.

ఇప్పుడు దీవెనమ్మ వస్తోంది. నవీన్ చీనీని బైకు మీద కూర్చోబెట్టుకుని తోటకు పోయాడు. తబిత ఇల్లు ఊడ్చింది, దుప్పటి మార్చింది, దిండు మీది గోధుమరంగు వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరి పారేసింది. గుమ్మంలో నిలబడి తన ఇంటిని తనే చూసుకుని మురిసిపోయింది.

దీవెనమ్మ ఒక్కతే రాలేదు. వెనకాలే తెల్లగడ్డంతో వలి బాషా.

"బాషన్న చెల్లెలు జానీబీ ఇల్లు ఈడనే. బస్సులో కలిసినాడు. మన పరుపు ఎట్టుండాదో చూసిపోన్నా అని నేనే పిల్సకచ్చినా," అంది దీవెనమ్మ.

"మూడు నెలలకు కుట్లు వదులైతాయి పాపా. ఒగసారి చూసి బిగిస్తా," అని ఆయన మంచినీళ్లు తాగి నేరుగా మంచం దగ్గరకు వెళ్లాడు.

దుప్పటి తీసి పక్కన పెట్టాడు. కళ్లు మూసుకుని, తలవైపునుంచి అరచెయ్యి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. దూది ఎక్కడ అణిగిందో, ఎంత బరువుకు అణిగిందో నలభై ఏళ్లుగా ఆ చేతికి తెలుసు. వెంట్రుకలు ఏరాలని తబితకు తోచింది గానీ, దూది అన్నీ గుర్తుపెట్టుకుంటుందని ఏ జువాలజీ పుస్తకమూ చెప్పలేదు.

"ఇద్దరికి రెండు గుంతలుండాల," అన్నాడు వలి బాషా. "రెండే ఉండాయి. అయితే ఒగటి నడిమధ్యలో, పెద్దది. ఇంగోటి చిన్నది, కాళ్ల కాడ."

దీవెనమ్మ తనూ చెయ్యి పెట్టి చూసింది. ఎవరో ముడుచుకుని పడుకున్నంత గుంత. ఆమె ముఖం నల్లబడింది.

"మే తబితా! అల్లుడు నడిమధ్యలో కాళ్లు సాపుకోని పండుకుంటాండాడా? నా బిడ్డను కాళ్ల కాడ ముడుక్కోమన్నాడా?"

"అది కాదుమా..."

"ఏంది కాదు? దూది అబద్ధం చెప్తాదా? ఎమ్మెస్సీ చదివించింది వాని కాళ్ల కాడ పడుండేకా? ఫోన్ చెయ్యి వానికి. యాడుండాడు?"

పమిట చెంగు నడుముకు బిగించింది. ఆ బిగింపు తబితకు చిన్నప్పటినుంచి తెలుసు. అది బిగిసిందంటే ఎదుట ఉన్నది తహసీల్దారైనా లెక్కలేదు.

నిజం చెబితే పరుపు పోతుంది, చీనీ మళ్లీ గోనెసంచి మీదికి పోతుంది. చెప్పకపోతే నవీన్‌కు చెడ్డపేరు. ఉడకబెట్టిన గుడ్డు ఒక్కటే ఉంటే పచ్చసొన తనకు తీసిపెట్టే మనిషికి! తబిత ఇంక ఆలోచించలేదు. తల పైకెత్తింది.

"ఆ చిన్న గుంత చీనీది."

"చీనీ ఎవరు?"

"కుక్కమా. ఆయప్ప ఎక్కించలా. నేనే ఎక్కించినా. నీకిచ్చిన మాట నేనే తప్పినా."

దీవెనమ్మ వేలు చిన్న గుంతమీదినుంచి పెద్ద గుంత వైపు తిరిగింది.

"మరి నువ్వు?"

తబిత చెవులదాకా ఎర్రబడింది. "నడిమధ్య దాంట్లోనే."

"అల్లుడు?"

"ఆయప్ప కూడా."

వలి బాషా చటుక్కున కిటికీ దగ్గరకు పోయి పక్కింటి గోడను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఎవురి పక్క వాళ్లకుండాలని ఆరడుగుల వెడల్పు కుట్టినా అక్కా," అన్నాడు అటు తిరిగే. "ఈళ్లకు మూడడుగులు సాలు."

బయట బైకు ఆగింది. నవీన్ గుమ్మంలోకి వచ్చేలోపే చీనీ అతని కాళ్ల సందులోంచి దూరింది. దీవెనమ్మ చీర కుచ్చిళ్లు ఒకసారి వాసన చూసి, మంచమెక్కి, మూడుసార్లు గిర్రున తిరిగి, చిన్న గుంతలో సర్దుకుంది. చుట్టూ వేలెడు సందు లేదు.

"కొలత సరిపోయింది," అన్నాడు వలి బాషా.

"తోటలో నిలబడలేదత్తా, అరిసి సంపింది," అన్నాడు నవీన్, ఎవరూ అడక్కుండానే.

దీవెనమ్మ అల్లుణ్ణి చూసింది, కుక్కను చూసింది. పెద్ద గుంతను మాత్రం చాలాసేపు చూసింది. నడుములోంచి పమిట చెంగు తీసింది.

"దాని కాళ్లకు తోట బురదంతా ఉండాది. నా నీలం గీతలు ఏం కావాల? ఎక్కేముందర కాళ్లు కడగండప్పా, ఇద్దరూ చదువుకున్నోళ్లు!"

తబిత ఎగిరి వాళ్లమ్మ మెడ వాటేసుకుంది.

"ఇడ్సిపెట్టుమే! ఇంట్లో అన్నం ఉండాదా లేదా?"

అన్నాలు తిన్నాక వలి బాషా సూది తీసి పరుపు కుట్లన్నీ బిగించాడు. పెద్ద గుంత జోలికి మాత్రం పోలేదు. "దానికి మరమ్మత్తు అక్కర్లేదు," అన్నాడు, కుట్టినవాడి గర్వంతో.

వారం తిరిగాక దీవెనమ్మ ఫోన్ చేసింది.

"జమ్మలమడుగులో ఆడోళ్ల ప్రార్థన కూటానికి పోయింటి. ఆడ ఒకామె, వాళ్ల బిడ్డకు అల్లుడు ఏసీ కొనిచ్చినాడని ఒకటే చెప్పడం. నేను ఇడ్సిపెడతానా? నా బిడ్డ పరుపులో ఇద్దరికీ ఒకటే గుంత, కావాలంటే వలి బాషాను అడుక్కోపో అంటి. మళ్లీ నోరెత్తలా."

"అమ్మా! అందరి ముందరా?" తబిత నుదురు కొట్టుకుంది. ఒళ్లంతా సిగ్గు. ఆ సిగ్గుకు రెండింతల గర్వం. "కుక్క సంగతి కూడా చెప్పినావా?"

"ఏ కుక్క?" అంది దీవెనమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "దానికి కాళ్లు కడుగుతాండారా?"

తబిత మంచం వైపు చూసింది. నవీన్ చెంబుతో వంగి ఉన్నాడు. చీనీ మూడు కాళ్లు కడిగించుకుని, నాలుగోదాన్ని తనే పైకెత్తి పట్టుకుని, దొరసానిలా ఎదురుచూస్తోంది.

"మూడైనాయిమా," అంది తబిత. "ఒగటుంది."